ఆరో అర

అబిడ్స్‌లో చెప్పుల దుకాణాల వరుస వెనక ఒక పాత చర్చి ఉంది. ఆ ఆవరణలోని సమాధులన్నిటినీ కొలిచి పట్టిక తయారు చెయ్యడం ఒక వేసవిలో నా ఉద్యోగం. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు. పాత కట్టడాల మరమ్మతులకు అంచనాలు వేసే చిన్న కంపెనీలో అప్పుడే చేరాను. నాతో చేరినవాళ్ళు కోటగోడలకూ బురుజులకూ పోటీలు పడుతుంటే నేను సమాధులు అడిగి తీసుకున్నాను. కారణాలు మూడు. ఒకటి, అవి కదలవు. రెండు, కొలుస్తుంటే ఇంటివాళ్ళు వెనక నిలబడి సలహాలు ఇవ్వరు. మూడు, చెట్ల నీడ. రెండో కారణం తప్పని నాలుగో రోజుకే తెలిసింది.

పట్టికలో పద్నాలుగు నిలువు వరుసలు: సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, రాయి రకం, పగుళ్ళు, నాచు, మొలిచిన మొక్కలు, ఇలా. పదమూడోది ‘ఖాళీ అరలు’. అది అన్ని సమాధులకూ వర్తించదు. కొన్ని పాత కుటుంబాలకు మాత్రం సగం నేలలోకి దిగిన రాతిగది ఉంటుంది. ఇనప తలుపు తీసి మూడు మెట్లు దిగితే లోపల రెండు పక్కలా రైలు బెర్తుల్లాగా రాతి అరలు, అరకు ఒక శవపేటిక. చర్చి కమిటీ ఆ ఏడాది ఒక తీర్మానం చేసింది. కొత్తగా తవ్వడం ఇక లేదు. గదిలో అర ఖాళీ ఉంటే ఆ కుటుంబానికి ఉంచుతారు. ఖాళీ లేకపోతే తలుపు తీసేసి, ఇటుకలు పేర్చి శాశ్వతంగా మూసేస్తారు. ఖాళీ ఉన్నదీ లేనిదీ ఇంజనీరు సంతకంతో తేలాలి. వచ్చే నెల మొదటి శనివారం మేస్త్రీలు వస్తారు, అంటే నేను పని మొదలుపెట్టేనాటికి ఇంకా పద్దెనిమిది రోజులు. ఆ ఇంజనీరు నేనే.

నలభై ఒకటో సమాధి ఒక పత్రిక నడిపిన కుటుంబానిది. నాంపల్లి స్టేషను వెనక సందులో సొంత ప్రెస్సు పెట్టుకుని తరాల తరబడి ఊరి వార్తలు అచ్చు వేశారట. పత్రిక మూతపడి చాలా కాలమైంది. గది ముందు గోడంతా ఒకే నల్లరాయి. దాన్ని పత్రిక మొదటి పేజీలాగా చెక్కించుకున్నారు. పైన అడ్డంగా పత్రిక పేరు, కింద ఆరు కాలమ్‌లు, కాలమ్‌కు ఒక మనిషి. పేరు, పుట్టుక, చావు, దాని కింద నాలుగు ముక్కల్లో ఆ మనిషి వార్త. అయిదు కాలమ్‌లు నిండాయి, ఆరోది నున్నగా ఉంది. రాతి మీద ఏం చెక్కినా నాకు కావలసింది లోపలి లెక్క. గాలి కోసం వదిలిన కంతలోంచి ఫోను దూర్చి లైటు వేసి ఫోటోలు తీశాను. ఆరు అరలు. ఆరింటిలోనూ ఏదో ఉంది. పదమూడో వరుసలో సున్నా వేసి, నెంబరు స్టిక్కరు రాతికి అతికిస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

“ఏంది బాబూ, మా తాత నొసటి మీద నెంబరు అతికిస్తున్నవ్?”

తిరిగి చూస్తే ఒక పెద్దావిడ. నా భుజం దాకా కూడా రాదు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఆ రోజు పేపరు, పేపరు నిండా ఎర్ర సిరాతో దిద్దిన గుర్తులు. ఆ పత్రిక యజమానికి ఆఖరి కూతురు. ప్రెస్సులో అందరూ చిన్నమ్మ అనేవాళ్ళట. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చినా ఎరిగినవాళ్ళందరికీ ఆవిడ చిన్నమ్మే.

“సర్వే అండీ. అయిపోగానే తీసేస్తాం.”

“నలభై ఒకటా? మా కంటె ముందల నలభై మంది ఉన్నరా? మావోళ్ళు గీ గది కట్టినప్పుడు గీడ నలుగురు గూడ పండుకోలే.”

“గేటు దగ్గర్నుంచి వరసగా కొలుచుకుంటూ వచ్చానండీ. నెంబరుకీ గౌరవానికీ సంబంధం లేదు.”

“మొదటి పేజీల వచ్చుడుకు, ఏడో పేజీల వచ్చుడుకు ఫరక్ లేదని పేపరోళ్ళ బిడ్డకు జెప్తున్నవా?”

నా చేతిలోంచి పట్టిక తీసుకుని, అడగకుండానే చదవడం మొదలుపెట్టింది. నాచు దగ్గర తల ఊపింది. పదమూడో వరుస దగ్గర ఆగి ఎర్ర పెన్నుతో నా సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టింది.

“గిదేంది?”

“ఖాళీ అరలు అండీ. లోపల ఆరు ఉన్నాయి, ఆరూ నిండి ఉన్నాయి.”

“మావోళ్ళు అయిదుగురే. తాత, నాయనమ్మ, నాయన, అమ్మ, అన్న.” అయిదు వేళ్ళూ ముడిచి, రెండో చేతి బొటనవేలు నా ముఖం ముందు పెట్టింది. “ఆరోది నాది. నేను లోపల లేను. గీడ నిలబడి నీతోని మాట్లాడుతున్న. గింతకంటె సాక్ష్యం ఏం గావాలె నీకు?”

కమిటీ తీర్మానం సంగతి చెప్పాను. సున్నా ఉంటే తలుపు మూసేస్తారని చెప్పాను. ఆవిడ గొడుగు కొనతో నేల మీద కాసేపు గీతలు గీసింది.

“నలభై ఏండ్లు వరంగల్‌ల బడిపిల్లలకు పాఠాలు జెప్పుకుంట ఒక్కదాన్నే ఉన్న. పెండ్లి జేసుకోలే. ఇప్పుడు గూడ కిరాయి అర్రల ఒక్కదాన్నే. ఆఖరుకన్న మావోళ్ళ కాడ పండుకుందమనుకుంటే, నువ్వు సున్నా జుట్టినవ్.” మళ్ళీ తల ఎత్తింది. “నడువ్. తలుపు తీపిద్దం. ఆరో మనిషి ఎవడో నేను గూడ జూస్త.”

తాళాలు చర్చి వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. యాభై ఏళ్ళ మనిషి, మెడలో విజిల్. తలుపు తెరిచే ముందు లోపలివాళ్ళకు తెలియాలని రెండుసార్లు విజిల్ వేశాడు. నేను చేతి తొడుగులు వేసుకుని, టేపు, మట్టం చూసే స్పిరిట్ లెవెల్, టార్చి పట్టుకుని దిగాను. ఎడం పక్క మూడు పేటికలు, కుడి పక్క పైన రెండు. కుడి పక్క అడుగు అరలో మాత్రం పేటిక లేదు. బూడిదరంగు దుప్పటి కప్పిన పెద్ద గుట్ట ఉంది.

వాచ్‌మన్ మెట్ల మీద నుంచే వంగి చూశాడు. “లోయర్ బెర్త్ ఇచ్చిన్రంటే పెద్దమనిషే అయ్యుంటడు చిన్నమ్మా.”

“ఎవడు వీడు?”

“తప్పుగ అనుకోకున్రి. మీ నాయనకు గాని, తాతకు గాని, బయట ఇంకెవరన్న…”

గొడుగు దెబ్బ తగిలాక వాక్యం పూర్తి చెయ్యలేదు. నేను అవకాశాలన్నీ మనసులో వరస పెట్టుకున్నాను: బంధువు, బంధువు కానివాడు, పొరపాటున తెచ్చినవాడు. దుప్పటి ఎత్తాను. మనిషి కాదు. చెక్క ట్రేలు. ఒక్కో ట్రేలో వందకు పైగా చిన్న చిన్న గళ్ళు, గళ్ళ నిండా నల్లటి లోహపు ముక్కలు. కింద నాలుగు ట్రేలు రెండేసి చొప్పున పరిచి, వాటి మీద నాలుగు, అలా నాలుగు వరసల ఎత్తు. మొత్తం పదహారు. ఒక్కోటీ ఆరు సెంటీమీటర్ల ఎత్తు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ దొంతర అడుగు సమంగా ఉందో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూడాలనిపించి మూల దొంతరను కాస్త ముందుకు లాగాను. చెక్క చివికిపోయి ఉంది. నాలుగు ట్రేలూ ఒకదాని తరవాత ఒకటి, బస్తా విప్పితే బియ్యం జారినట్టు, నా బూట్ల మీదికి జారాయి. చప్పుడుకు వాచ్‌మన్ మళ్ళీ విజిల్ వేశాడు.

చిన్నమ్మ మెట్లు దిగి ఒక ముక్క తీసుకుంది. బొటనవేలితో తుడిచి వెలుతురుకు పెట్టింది. దాని మీద తిరగేసిన ‘ళ’ ఉంది.

“ఇవి మా అక్షరాలు,” అంది.

ప్రెస్సు మూసేసినప్పుడు ఆవిడ వరంగల్‌లో ఉందట. సీసపు అక్షరాలన్నీ పాత ఇనప సామాన్ల సేటుకు ఇచ్చేశానని అన్న ఉత్తరం రాశాడు. తాత కాలం నుంచీ వాడిన అక్షరాలను కరిగించడానికి చేతులెట్లా వచ్చాయని ఆవిడ రెండేళ్ళు అన్నతో మాట్లాడలేదు. తరవాత మాట్లాడింది కానీ ఆ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు. అన్న ఇప్పుడు కుడి పక్క నడిమి అరలో ఉన్నాడు. చిన్నమ్మ ఆ పేటిక మీద చెయ్యి వేసి, “చెప్పొచ్చు గదన్నా,” అంది. నేను టేపు చుట్టుకుంటూ అటు తిరిగాను. ఆవిడ ముక్కు చీది, వెంటనే మామూలు గొంతులోకి వచ్చింది.

“ఇది అన్న ఒక్కడు జేసిన పని గాదు. ఆయనకు బిందెడు నీళ్ళు ఎత్తరాదు. దీంట్ల కంపోజిటర్ ఉన్నడు.”

కంపోజిటర్ అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసలు కూర్చే మనిషి. ఈయన ఆ ప్రెస్సులో పనికి కుదిరిన నాటి నుంచి మూతపడేదాకా అదే పని చేశాడు. నాంపల్లిలో కోడలు జిరాక్స్ దుకాణం నడుపుతుంటే, దాని ముందు స్టూలు మీద కూర్చుని వచ్చేపోయే కాగితాల్లో తప్పులు వెతుకుతుంటాడు. మేము వెళ్ళేసరికి ఎవరిదో అద్దె ఒప్పందం చదువుతున్నాడు. తల ఎత్తి ముందు నా చేతులు చూశాడు. తొడుగులు తీసేసి అక్షరాలు ఏరడంతో వేళ్ళు నల్లగా ఉన్నాయి.

“సీసం,” అన్నాడు. “దొరికినయా?”

“గిన్నేండ్లు నాకెందుకు జెప్పలేదయ్యా?” అంది చిన్నమ్మ.

“నీకు జెప్తే పేపర్ల ఏసినట్టే గద చిన్నమ్మా. సేటు మా మీద గుస్స మీద ఉండె. దొంగలు ఎత్తుకపోయిన్రని జెప్పినం.”

“పేపరు బందయినంక నేను ఏ పేపర్ల ఏస్త?”

“పేపరు బందయింది గని నీ నోరు బందయిందా?”

ఆయన చెప్పిన ప్రకారం జరిగింది ఇది. సేటు మనుషులు రేపు వస్తారనగా మిట్టమధ్యాహ్నం ఆయనా, చిన్నమ్మ అన్నా కలిసి ట్రేలన్నీ ఒక తోపుడుబండి మీద పేర్చారు. ఎవరికీ అనుమానం రాకుండా మొజంజాహీ మార్కెట్‌లో మామిడిపండ్లు కొని పైన పరిచారు. అది పొరపాటు. దారి పొడుగునా జనం బండి ఆపి బేరాలు ఆడారు. చర్చి గేటు చేరేసరికి పండ్లన్నీ అయిపోయి అక్షరాలు బయటపడ్డాయి. మిగిలిన రెండు పండ్లు అప్పటి ఫాదర్‌కు ఇస్తే ఆయన ఏమీ అడగకుండా తాళం తీశాడు.

“మంచిది. ఇప్పుడు తియ్యి అవిటిని,” అంది చిన్నమ్మ. “ఆ జాగ నాది.”

“తియ్య.”

“మరి నేనేడ పండాలె?”

“నీకేం తొందర చిన్నమ్మా? గట్టిగున్నవ్.”

“నాకు లేదు తొందర. కమిటీకి ఉన్నది. జాగ లేదంటే తలుపుకు ఇటుకలు పెడ్తరు. అవిటిని నీ ఇంట్ల పెట్టుకో.”

“నా తర్వాత కోడలు కిలోల లెక్కన అమ్ముతది.”

“ఔ, అమ్ముత,” అంది కోడలు లోపలి నుంచి. “ఇంట్ల కాలు పెట్ట జాగ లేదు.”

“అయితే నువ్వు పోయేటప్పుడు నీతోని తీస్కపో.”

“ఎట్ల తీస్కపోత? మమ్ముల కాలుస్తరు చిన్నమ్మా! నాతోని పెడితే అక్షరాలు కరిగిపోతయ్. కరగొద్దనే గద గింత జేసింది.”

ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకని జిరాక్స్ కాగితం ఒకటి అడిగి తీసుకుని లెక్క వేశాను. అర ఎత్తు యాభై అయిదు సెంటీమీటర్లు. మామూలు శవపేటిక ముప్పై ఎనిమిది, దాని కింద పలక మూడు. మిగిలేది పద్నాలుగు. రెండు వరసలు పడతాయి, అంటే ఎనిమిది ట్రేలు. పదహారును ఎనిమిది చెయ్యగలిగితే ఇద్దరికీ చాలు. అక్షరాలు కింద, చిన్నమ్మ పైన. అది అడుగు అర, నేల మీదే ఉంది కాబట్టి బరువు గురించి ఫికర్ లేదు.

“ఇంకో విషయం కూడా ఉందండీ,” అన్నాను. “నాలుగు ట్రేలు కలిసిపోయాయి. నేను లాగాను.”

ఆయన కళ్ళు మూసుకున్నాడు. 

“నువ్వు ఏం జదువుకున్నవ్?”

“సివిల్ ఇంజనీరింగ్ అండీ.”

“కనబడ్తున్నది,” అన్నాడు.

మర్నాటి నుంచి చర్చి వెనక వరండాలో పని మొదలైంది. తెలుగు అచ్చంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. అక్షరం వేరు, గుణింతం వేరు, ఒత్తు వేరు, ప్రతిదానికీ ట్రేలో ఒక సొంత గది. దాని గదిలో తప్ప ఇంకో చోట పెడితే ఆ ముక్క పోయినట్టే లెక్క. కంపోజిటర్ చూడకుండానే తీసేవాడు, చూడకుండానే గదిలో వేసేవాడు. నేను నిమిషానికి మూడు సర్దుతుంటే ఆయన ముప్పై సర్దేవాడు. నా మూడింటిలో ఒకటి మళ్ళీ తీసి సరైన గదిలో వేసేవాడు. వాచ్‌మన్‌కు చదువు రాదు, అందుకని ఆకారాలు పోల్చుకుని నాకంటే వేగంగా సర్దేవాడు.

పదహారును తగ్గించే పని చిన్నమ్మది. భూతద్దం పెట్టుకుని ప్రతి అక్షరాన్నీ చూసేది. అరిగినవీ, కొమ్ము విరిగినవీ పక్కన పెట్టేది. అచ్చులో సరిగ్గా పడని అక్షరాన్ని తన వీపు కింద పెట్టుకోనని మొదటి రోజే చెప్పేసింది. ఆవిడ తీసేసినవాటిని కంపోజిటర్ జేబులో వేసుకునేవాడు. రెండో రోజు మధ్యాహ్నానికి లాల్చీ ఒక పక్కకు మోకాలు దాకా వేలాడింది.

“జేబు చూపియ్,” అంది చిన్నమ్మ.

“తాళంచెవులు.”

“నీకేమన్న చార్మినార్ రాసిచ్చిన్రా గన్ని తాళాలకు?”

“గీ ‘క’ చూడు చిన్నమ్మా, జర తలకట్టు అరిగింది, అంతే. మీ నాయన సంపాదకీయం అంత దీంతోనే పెట్టిన.”

“మా నాయన సంపాదకీయం ఎవ్వరు చదవకపోయేది. ఇప్పుడు తెల్సింది ఎందుకో.”

నేను ప్రతి సాయంత్రం పుస్తకంలో లెక్క రాసుకునేవాణ్ణి. పదహారు, పదిహేను, పదమూడు, పదమూడు, పన్నెండు. ఇంటికి, అంటే హిమాయత్‌నగర్‌కు, వెళ్తే మా అమ్మ తలుపు సందులోంచే మాట్లాడేది. “ఒరేయ్, అక్కడే ఆగు! బాల్కనీలో బకెట్టు పెట్టాను, స్నానం చేసి అప్పుడు లోపలికి తగలడు. శ్మశానంలో కూర్చుని పులిహోర తిన్నావంటే వింటానికే ఎలాగో ఉంది. ఇంతకీ నిమ్మకాయదా, చింతపండుదా?” చింతపండుదే. చిన్నమ్మ చేసి తెచ్చేది.

పదకొండో రోజుకు తొమ్మిది ట్రేలకు వచ్చి ఆగిపోయాం. ఆ తొమ్మిదింటిలో ఇక చెడ్డ అక్షరం లేదు. చిన్నమ్మ భూతద్దంతో మూడుసార్లు చూసింది. అర పొడవు రెండు మీటర్ల పది, నాలుగు ట్రేలు పరచగా కాళ్ళ వైపు అరమీటరు మిగులుతుంది. తొమ్మిదో ట్రేను అక్కడ అడ్డంగా పెడదామని చూశాను. ట్రే పొడవు ఎనభై, అర వెడల్పు డెబ్భై అయిదు. అయిదు సెంటీమీటర్లు కోసేద్దామన్నాను. కంపోజిటర్ ఆ తొమ్మిదో ట్రేను ఒళ్ళో పెట్టుకుని నా వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. అది పెద్ద అక్షరాల ట్రే, పతాక శీర్షికలకు వాడేది. ఊర్లో ఏదైనా పెద్ద సంగతి జరిగితే తప్ప తీసేవాళ్ళు కాదట.

శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది.  చివరికి చిన్నమ్మే అంది.

“పెట్టె ఎత్తు ముప్పై ఎనిమిదే ఉండాలని రాజ్యాంగంల ఉన్నదా?”

నాకు తట్టలేదు. ట్రేలు తగ్గించాలని పదకొండు రోజులు చూశాను కానీ పేటిక తగ్గుతుందేమో అని ఒక్కసారీ అడగలేదు. లెక్క మళ్ళీ వేశాను. మూడు వరసలు పద్దెనిమిది, పలక మూడు, పోగా ముప్పై నాలుగు. పెట్టడానికి రెండు వదిలితే పేటిక ముప్పై రెండు సెంటీమీటర్లు ఉండాలి.

నాంపల్లిలో శవపేటికలు చేసే వడ్రంగి ఒకాయన ఉన్నాడు. కుర్చీలూ బల్లలూ కూడా చేస్తాడు. దుకాణంలోకి వెళ్ళి కొలతల కాగితం ఇచ్చాను.

“ఎవరికి?” అన్నాడు నెమ్మదిగా, విచారంగా ముఖం పెట్టి.

“నాకే,” అంది చిన్నమ్మ.

“ఎప్పటికి గావాలె అమ్మా?”

“ఇప్పుడు అసలే వద్దు. గీ ఎత్తుల చేస్తనని రాసియ్యి, చాలు.”

ఆయన కాగితం చూసి టేపు తీశాడు. “గింత తక్కువనా? ముక్కు తగుల్తదమ్మా.”

“నా ముక్కు నీకేమెరుక?”

ఇద్దరూ నా వైపు చూశారు. ఇది కొలిస్తే తేలే విషయం. చిన్నమ్మ పనిబల్ల మీద రంపపు పొట్టు దులిపి వెల్లకిలా పడుకుంది. నేను స్పిరిట్ లెవెల్‌ను ముక్కు కొన మీద అడ్డంగా ఆనించి, బుడగ మధ్యకు వచ్చేదాకా ఆగి, బల్ల నుంచి ఎత్తు చదివాను. ఇరవై ఒకటి. పైన, కింద చెక్క మందం చెరి రెండు తీసేస్తే లోపలి ఎత్తు ఇరవై ఎనిమిది. ముక్కు మీద ఇంకా ఏడు సెంటీమీటర్ల ఖాళీ.

“దిండు?” అన్నాడు వడ్రంగి.

“పెట్టుకోను. మెడ పడ్తది.”

అంటూ లేచి కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన విరిగిన కుర్చీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. గోడవారనున్న పేటికలనూ, బల్ల మీద నుంచి లేస్తున్న చిన్నమ్మనూ చూసి, కుర్చీ అక్కడే వదిలేసి స్టేషను వైపు పరుగెత్తాడు. మేము పిలిచినకొద్దీ వేగం పెరిగింది. వడ్రంగి మాత్రం తాపీగా కాగితం మీద కొలత రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు.

మూడు వరసలంటే పన్నెండు ట్రేలు పడతాయి. మాకున్నవి తొమ్మిదే. ఈ మాట చెప్పగానే కంపోజిటర్ లాల్చీ జేబులు రెండూ వరండాలో బోర్లించాడు. తరవాత ఇంటికి వెళ్ళి రెండు బిస్కట్ డబ్బాలు తెచ్చి అవీ బోర్లించాడు.

“విరిగినయి విరిగినయే,” అంది చిన్నమ్మ.

“నౌకరీ నుంచి రిటైరయినోళ్ళను ఇంట్లకెల్లి ఎల్లగొడ్తరా చిన్నమ్మా? గా మూడు ట్రేలల్ల ఉంటయి. పని చెప్పకు, అంతే.”

ఆవిడ ఆలోచించింది. “అడుగుల పెట్టు. నా కండ్లకు కనపడొద్దు.”

“కండ్లు మూసుకొనే గద వస్తవ్.”

వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. అది మోగింది.

గురువారం కమిటీ కార్యదర్శికి నివేదిక ఇచ్చాను. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన. ప్రతి గడీ చదువుతాడు. నలభై ఒకటో సమాధి దగ్గర వేలు ఆగింది. ఖాళీ అరలు: ఒకటి. ఆ పక్కన పద్నాలుగో వరుస ‘ఇతర వివరాలు’. అందులో ‘ఆరో అరలో పరుపు ఉంది, పేటిక కొలత జతపరచడమైనది’ అని రాశాను. అబద్ధం రాయకూడదు, నిజం రాస్తే నాలుగు పేజీలు పడుతుంది.

“పరుపేమిటి?” అన్నాడు.

“సీసంతో చేసిందండీ. పద్దెనిమిది సెంటీమీటర్ల మందం.”

ఆయన కళ్ళజోడు తీసి చిన్నమ్మ వైపు చూశాడు.

“నడుము నొప్పి సార్,” అంది ఆవిడ. “మెత్తటి పరుపు మీద పండుకోవద్దని డాక్టర్ జెప్పిండు.”

ఆయన కొలత కాగితం చూశాడు, నా సంతకం చూశాడు, నియమాల పుస్తకం కూడా తిరగేశాడు. పరుపు ఉండకూడదని ఎక్కడా లేదు. నలభై ఒకటి మూయవద్దని ఎదురుగా రాసి సంతకం పెట్టాడు. చిన్నమ్మ నమస్కారం పెట్టి, ఆయన రాసిన వాక్యం ఇంకోసారి చదివి, ఏమీ దిద్దకుండా తిరిగి ఇచ్చింది.

శుక్రవారం ట్రేలు లోపల పెట్టాం. రిటైరైన మూడూ అడుగు వరసలో, పతాక శీర్షికలు అన్నిటికంటే పైన. అక్షరాల ముఖాలు పైకి ఉండాలని కంపోజిటర్ ఒక్కో గడీ వేలితో తడిమి చూశాడు. నేను ఈసారి ఏదీ లాగకుండా టేపుతో మాత్రమే కొలిచాను. పలక పెట్టాక ముప్పై నాలుగు సెంటీమీటర్లు సరిగ్గా ఉంది.

తాళం వెయ్యబోతూ వాచ్‌మన్ ఆగాడు. “చిన్నమ్మా, అందర్ని లేపే రోజు వస్తదంటరు గద. అప్పుడు మీరు లేస్తె వీపంత అచ్చు పడి ఉంటది.”

“పలక అడ్డమున్నది,” అన్నాను.

“చచ్చినోళ్ళను లేపే దేవునికి పలక ఒక అడ్డమా?” అంది చిన్నమ్మ. కానీ ముఖంలో కొత్త దిగులు కనిపించింది. కంపోజిటర్ వైపు తిరిగింది. “గళ్ళల్ల ఉన్నయి ఉన్నట్టు పడితే ఏమొస్తది? ‘క’లన్ని ఒక్క కాడ, ‘గ’లన్ని ఒక్క కాడ. గసుంటి వీపేసుకొని మా నాయన ముందల ఎట్ల నిలబడ్త?”

“పైన ఒక ట్రే తీసి పేజీ కట్టిపెడ్త తియ్యి. ఏం పెట్టాలె చెప్పు.”

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. చాలాసేపు ఆలోచించింది.  అంతగా ఆలోచించడం ఆ రెండు వారాల్లో ఎప్పుడూ చూడలేదు.

“ఇప్పుడేం పెడ్తవ్? ఇంకా వార్త గాలే గద,” అంది చివరికి. “అయినంక పెట్టు.”

“అప్పటిదాంక నేనుండాలె గద చిన్నమ్మా.”

“ఉండాలె మరి.”

ఆయన ఆవిడకంటే నాలుగేళ్ళు పెద్ద. బజారు నుంచి ఏదో తెమ్మని చెప్పినట్టు తల ఊపి, చేతులకంటిన సీసం లాల్చీకి తుడుచుకున్నాడు.

“ఔ, ఉంట తియ్యి. నాకేం పనున్నది?”